వడగల్లు పొరల్లో మబ్బు ఎత్తు

నీళ్ళ బరువు చూడటం నా ఉద్యోగం. బిందెడు నీళ్ళ బరువు కాదు, ఒక్కో అణువు బరువు. హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో పనిచేస్తాను. జిల్లాల నుంచి చిన్న చిన్న సీసాల్లో వాన నీళ్ళు, బోరు నీళ్ళు, చెరువు నీళ్ళు వస్తాయి. వాటిని లేజర్ యంత్రానికి అందించి, బరువైన నీళ్ళు వాటిలో ఎంత పాళ్ళలో ఉన్నాయో తేల్చి రాసివ్వాలి. ఈ బోరులోకి వస్తున్నది మొన్నటి వాన నీరేనా, పక్క చెరువు ఊటా, ఎప్పుడో ఇంకిన పాత నీరా అని తెలుసుకోవడానికే ఎక్కువమంది పంపుతారు. వడగళ్ళ పని మాత్రం నేను కోరి నెత్తికెత్తుకున్నది.

మాది విస్సన్నపేట. నూజివీడు రసాలు అని ఊళ్ళన్నీ చెప్పుకునే మామిడికాయలో మా మండలం కాయ కూడా ఉంటుంది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి, మేము ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళాం గానీ తోటలు మాత్రం ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి. మార్చి నెలాఖరులో పిందె మీద పడ్డ రాళ్ళ వాన, మే మొదట్లో ముదిరిన కాయ మీద పడ్డ రాళ్ళ వాన ఏం చేసిపోతాయో చూస్తూ పెరిగినదాన్ని. ఆ రాయి మబ్బులో ఎంత ఎత్తున పుట్టింది, ఎక్కడ పెరిగింది అని చెప్పగల యంత్రం నా బల్ల మీదే ఉన్నప్పుడు ఊరుకోబుద్ధి కాలేదు.

ముందు ఈ బరువు సంగతి చెప్పాలి. నీటి అణువులో రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ అని బడిలో చదువుకున్నాం. ఆ ఆక్సిజన్ బరువు మామూలుగా 16. కానీ పదివేల నీటి అణువులు తీసుకుంటే సుమారు 20 అణువుల్లో 18 బరువున్న ఆక్సిజన్ ఉంటుంది. మరో మూడు అణువుల్లో ఒక హైడ్రోజన్ బదులు దానికి రెట్టింపు బరువుండే డ్యుటీరియం ఉంటుంది. దీన్ని 1931లో కనిపెట్టిన హెరాల్డ్ యూరీకి 1934లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ బరువు అణువులున్న నీళ్ళకు రుచి, రంగు వేరేగా ఏమీ ఉండవు. తేడా అంతా నీరు ఆవిరయ్యేటప్పుడు, ఆవిరి మళ్ళీ నీరయ్యేటప్పుడు బయటపడుతుంది. కళ్ళంలో తూర్పారబట్టినప్పుడు గట్టి గింజ దగ్గర పడి, తాలు గాలికి దూరం పోతుంది చూడండి, అలాగే బరువు అణువు ముందు చుక్కలో చేరుతుంది, తేలిక అణువు ఆవిరిగానే ఇంకాస్త పైకి పోతుంది.

మబ్బులో జరిగేది ఇదే. బంగాళాఖాతం మీద నుంచి వచ్చిన తేమ గాలి వేడెక్కి పైకి లేస్తుంది. లేచే కొద్దీ చల్లబడుతుంది, చల్లబడే కొద్దీ ఆవిరి చుక్కలు కడుతుంది. అడుగున కట్టిన చుక్కల్లో బరువు అణువుల పాలు ఎక్కువ. పైపైకి పోయే కొద్దీ మిగిలిన ఆవిరిలోనూ, దానితో కలిసి ఉన్న చుక్కల్లోనూ ఆ పాలు తగ్గుతూ పోతుంది. అంటే మబ్బులో ప్రతి ఎత్తు దగ్గరా నీటికి ఒక గుర్తు పడుతుంది. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిర్ణయించిన ప్రామాణిక సముద్రజలంతో పోల్చి, వెయ్యికి ఇన్ని వంతులు తక్కువ, ఇన్ని వంతులు ఎక్కువ అని ఆ గుర్తును లెక్కగడతాం. దాన్ని పర్‌మిల్ అంటాం. డ్యుటీరియం విషయంలో మబ్బు అడుగుకూ పైకీ మధ్య పదుల పర్‌మిల్ తేడా వస్తుంది. మా యంత్రం ఒక పర్‌మిల్ తేడాను కూడా పట్టేస్తుంది.

ఇక వడగల్లు. మబ్బులో సున్నా డిగ్రీల కిందికి చల్లబడ్డా నీళ్ళు వెంటనే గడ్డకట్టవు. మైనస్ 10 దగ్గర, మైనస్ 20 దగ్గర కూడా సన్నటి చుక్కలుగానే తేలుతుంటాయి. మైనస్ 40 దగ్గరికి వచ్చేసరికి గానీ పూర్తిగా మంచు కావు. ఈ స్థితిలో ఉన్నవాటిని సూపర్‌కూల్డ్ చుక్కలు అంటారు. ఒక మంచు గింజో, గడ్డకట్టిన పెద్ద చినుకో వాటి మధ్యకు వస్తే, తగిలిన చుక్క తగిలినట్టే దాని ఒంటికి అంటుకుని గడ్డకడుతుంది. అంత తొందరగా గడ్డకట్టినప్పుడు బరువు అణువు, తేలిక అణువు వేరుపడే వ్యవధి ఉండదు. చుక్కలో ఏ పాళ్ళున్నాయో ఆ పాళ్ళే మంచులో బిగుసుకుంటాయి. రాయి పొరపొరగా పెరుగుతుంది కాబట్టి ఏ పొర ఏ ఎత్తున పట్టిందో ఆ పొరలోని నీళ్ళే చెబుతాయి. నా పనికి ఆధారం ఇంతే. వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, రాయి చెడకుండా నా బల్ల మీదికి చేరేదాకా ఉన్న పనే అసలు పని.

మా వైపు రాళ్ళు ఎప్పుడు పడతాయో ఇంచుమించు చెప్పొచ్చు. వేసవిలో విదర్భ నుంచి తమిళనాడు దాకా ద్రోణి ఉందని వాతావరణ శాఖ వాళ్ళు పేపర్లో వేయిస్తారు. ఆ గీతకు తూర్పున సముద్రం మీది తేమ గాలి, పడమర పొడి వేడి గాలి. ఆ రెండూ కలిసే చోట మధ్యాహ్నానికి మబ్బు నిటారుగా లేస్తుంది. మచిలీపట్నంలో ఉదయం, సాయంత్రం అయిదున్నరకు ఎగరేసే బెలూను పైన ఎక్కడ ఎంత చలి, ఎంత తేమ ఉందో చెబుతుంది. అక్కడే ఉన్న డాప్లర్ రాడార్ మబ్బు ఎంత ఎత్తుకు పోయిందో చూపిస్తుంది. అవి రెండూ చూసి ఇవాళ ఉండొచ్చని మా బాబాయికి ఫోన్ చేస్తాను. అయినా ఏ తోటలో పడుతుందన్నది ఎవరూ చెప్పలేరు. రాళ్ళ వాన పట్టె సన్నం. మా తోటలో కాయంతా రాలిపోతే, డొంక అవతల తోటలో చినుకులు మాత్రమే పడ్డ సందర్భాలు మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

"అమ్మాయ్, రాళ్ళు పడ్డాయి. నిమ్మకాయంతవి ఉన్నాయి. మీ పిన్ని సంచిలో వేసి ఫ్రిజ్ పైఅరలో పెట్టింది. కరెంటు పోయింది."

బాబాయి ఫోన్ అంటే ఇంతే ఉంటుంది. అందులో చివరి మాటే నాకు గుండె దడ. ఈదురుగాలి లేకుండా రాళ్ళ వాన రాదు, ఈదురుగాలి వస్తే కరెంటు ఉండదు. రాళ్ళు పడ్డ సాయంత్రాల్లోనే ఫ్రిజ్‌లు పనిచేయవు. పైగా ఇళ్ళల్లో వాడే మంచు పట్టని ఫ్రిజ్‌లు అప్పుడప్పుడూ తమంతట తాము కాస్త వేడెక్కి మంచును కరిగించుకుంటాయి. మనింటికి అది సౌకర్యమే. రాయికి మాత్రం మరణమే. పైపొర కరిగి, ఆ తడి చుట్టూ గాలిలోని ఆవిరిని పుచ్చుకుని, మళ్ళీ గడ్డకడితే మబ్బు వేసిన గుర్తు చెరిగి మన వంటింటి గుర్తు పడుతుంది.

అందుకే ముందుగానే ఒక పద్ధతి పెట్టుకున్నాం. చేపలు పంపే థర్మోకోల్ పెట్టె ఒకటి, కల్లుప్పు బస్తాలో కొంత తీసి పక్కన. మబ్బు పట్టగానే ఐసు తెచ్చి పొడి కొట్టి, మూడు పాళ్ళ ఐసుకు ఒక పాలు ఉప్పు కలుపుతారు. కుల్ఫీ బండి వాళ్ళు చేసే పనే ఇది. ఉప్పు కలిసిన ఐసు మైనస్ 20 దాకా దిగుతుంది. కరెంటుతో నిమిత్తం లేదు. డ్రై ఐసు అయితే ఇంకా మేలు గానీ మా మండలంలో ఎక్కడ దొరుకుతుంది? ఉప్పు నీళ్ళు సంచిలోకి ఊరకుండా రాయిని ఒక సంచిలో, ఆ సంచిని ఇంకో సంచిలో పెట్టి, గాలి తీసి మూతి బిగించాలి. గాలి మిగిలితే మంచు కరగకుండానే నేరుగా ఆవిరై సంచి గోడలకు పట్టేస్తుంది.

ఏరడంలోనూ పట్టింపులున్నాయి. చేత్తో తీయకూడదు. సంచిని తొడుగులా చేతికి వేసుకుని పట్టుకుని, అలాగే తిరగేయాలి. పాదులోనో గుంటలోనో నీళ్ళలో పడ్డది పనికిరాదు, గడ్డి మీదో ఎండుటాకు మీదో పడ్డది కావాలి. మట్టి అంటిందని కడగకూడదు. అన్నిటికన్నా పెద్దవి ఏరాలి. సెంటీమీటరు లోపు రాళ్ళను పొరలుగా విడదీయలేం, మొత్తం కరిగించి ఒక సగటు లెక్క మాత్రం చెప్పగలం. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో రోడ్లన్నీ తెల్లగా కప్పేసిన రాళ్ళ వానను టీవీల్లో చూసే ఉంటారు. చూడటానికి అంత ఘనంగా ఉన్నా నాలాంటి వాళ్ళకు కావలసింది ఆ పరుపు కాదు, అందులో ఎక్కడో ఉండే నాలుగు పెద్ద రాళ్ళు. ఇంకో సంగతి: మబ్బు నెత్తి మీద ఉరుముతుంటే ఎవరూ తోటలోకి పోవద్దు. ఈ మాట మా వాళ్ళకు మళ్ళీ మళ్ళీ చెబుతాను. పిడుగు పడేది కూడా ఆ మబ్బులోంచే. రాళ్ళు ఆగి, ఉరుము దూరమయ్యాక దొరికినవి చాలు.

మా రాళ్ళకు ఉన్న పెద్ద లోటు కూడా ఇక్కడే చెప్పాలి. ఏప్రిల్, మే నెలల్లో మా మీద సున్నా డిగ్రీల ఎత్తు దాదాపు అయిదు కిలోమీటర్లు. అక్కడి నుంచి నేల దాకా రాయి వేడి గాలిలోంచి కరుగుతూనే దిగాలి. చిన్నవి పూర్తిగా కరిగి పెద్ద పెద్ద చల్లని చినుకులై పడతాయి. రాళ్ళు పడని చోట కూడా ఆ చినుకు ఒంటికి తగిలితే జివ్వుమంటుంది. నేలకు చేరినవి కూడా పైపొర పోగొట్టుకుని చేరినవే. చలి దేశాల్లో, ఎత్తైన మైదానాల్లో ఏరిన రాళ్ళ మీద రాసిన వ్యాసాలు చదివి, అదే లెక్క యథాతథంగా మనకు వాడుకుంటే కుదరదు. మన రాయి చివరి దశలో ఎలా పెరిగిందో చెప్పే పొర మన చేతికి రాదు. వచ్చినదాంట్లోనూ బయటి మిల్లీమీటరు నేనే చెక్కి పారేస్తాను.

పెట్టె రాత్రి బస్సులో వస్తుంది. తెల్లవారుజామున నేనే వెళ్ళి తెచ్చుకుంటాను.

కోత పని చల్లగదిలో. మైనస్ 15 దగ్గర ఉంటుంది. ఉన్ని చొక్కా, రెండు జతల తొడుగులు వేసుకున్నా అరగంటకు వేళ్ళు మొద్దుబారతాయి. ముందు రాయిని నీళ్ళ చుక్కతో చెక్క మీద అతికించాలి. ఆ చుక్క గడ్డకట్టి పట్టుకుంటుంది. సరిగ్గా నడిమి గింజ మీదుగా సన్నటి రంపంతో కోయాలి. గింజ తప్పితే పొరల లెక్క అంతా వంకర పోతుంది. అటొక కోత, ఇటొక కోత వేస్తే అర సెంటీమీటరు మందం బిళ్ళ వస్తుంది. దాన్ని దీపం పెట్టిన గాజు మీద పెట్టి చూస్తాను. నడుమ శనగగింజంత తెల్లటి మచ్చ, చుట్టూ అద్దంలా వెలుగు దూసుకుపోయే వలయం, దాని బయట పాలు కలిపినట్టు మసక వలయం, మళ్ళీ అద్దం. మసక వలయంలోకి భూతద్దం పెడితే సన్నటి గాలి బుడగలు బయటి వైపుకు బారులు తీరి ఉంటాయి. ఇంకో బిళ్ళను బాగా పల్చగా అరగదీసి రెండు పోలరాయిడ్ ఫిల్ముల మధ్య పెట్టినప్పుడు మంచు స్ఫటికాలు నీలం, నారింజ, ఆకుపచ్చ రంగుల్లో విడివిడిగా కనపడతాయి. బాగా చలిలో పెరిగిన పొరలో స్ఫటికాలు చిన్నవి, కాస్త వెచ్చటి చోట పెరిగిన పొరలో పెద్దవి. నీళ్ళ బరువు చెప్పే మాటకు ఇది రెండో సాక్ష్యం. ఎన్నిసార్లు చూసినా ఆ రంగులు చూసేటప్పుడు వేళ్ళ నొప్పి గుర్తుండదు.

తర్వాత సన్నటి కత్తితో ఒక్కో వలయం గీకి ఒక్కో సీసాలో వేసి మూత బిగించాలి. మూడు సెంటీమీటర్ల రాయి బిళ్ళలో మొత్తం మీద సుమారు మూడు గ్రాముల మంచే ఉంటుంది. దాన్నే పొరలకు పంచాలి. మూత బిగించాకే కరగనివ్వాలి, తెరిచి కరిగిస్తే తేలిక అణువులు ముందు లేచిపోతాయి. యంత్రం ఒక్కో దఫా తీసుకునేది రెండు మైక్రోలీటర్లే. అయితే ముందు సీసా నీళ్ళ జ్ఞాపకం గొట్టాల్లో ఉండిపోతుంది, అందుకని ప్రతి సీసాకూ మొదటి రెండు మూడు దఫాల అంకెలు వదిలేస్తాం. మధ్యమధ్య విలువ తెలిసిన ప్రామాణిక నీళ్ళు పెట్టి యంత్రం దారి తప్పలేదని చూసుకుంటాం. ఒక రాయి పూర్తవడానికి పగలూ రాత్రీ పడుతుంది.

ఈ విద్య మొదలుపెట్టింది ఫ్రెంచి వాళ్ళు. 1963లో ఫాసీ, మెర్లివా, నీఫ్, రోత్ అనే నలుగురు ఒక వడగల్లు పొరల్లో డ్యుటీరియం కొలిచి, అది ఎలా పెరిగిందో చెప్పే ప్రయత్నం చేశారు. అప్పుడు ఇలాంటి లేజర్ యంత్రాలు లేవు. ప్రతి నమూనానూ హైడ్రోజన్ వాయువుగా మార్చి మాస్ స్పెక్ట్రోమీటర్లో పెట్టాల్సిందే. వాళ్ళలో లిలియన్ మెర్లివా అనే ఆవిడ ఆ తర్వాత కూడా ఈ పని వదల్లేదు. 1970లో మాక్లిన్ తదితరులతో కలిసి బుడగలు, స్ఫటికాలు, ఐసోటోపులు (ఈ బరువు, తేలిక రకాలు) మూడింటినీ ఒకే రాయిలో చూశారు. ఆవిడతో కలిసి పనిచేసిన జాన్ జుజెల్ అనే కుర్రాడు పరిశోధన మొదలుపెట్టింది వడగళ్ళ మీదే. ఆయనే తర్వాత అంటార్కిటికాలో వోస్తోక్ దగ్గర తవ్వి తీసిన మంచు కడ్డీలో డ్యుటీరియం కొలిచి, 1987లో లక్షా అరవై వేల ఏళ్ళ ఉష్ణోగ్రతల చరిత్ర రాశాడు. ఇవాళ భూమి వేడెక్కడం గురించి ఎవరు మాట్లాడినా ఆ గీతలు చూపిస్తారు. ఆ చేతికి అలవాటైంది మాత్రం వడగల్లు పొర గీకడంతోనే. మన దేశంలో అహ్మదాబాదు ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ వాళ్ళు చాలా సంస్థలను కలుపుకుని దేశమంతటి వానలు, నదులు, భూగర్భజలాల ఐసోటోపులు కొలిచే కార్యక్రమం నడిపారు. మాలాంటి ప్రయోగశాలలు నేర్చుకున్నది ఆ ఒరవడిలోనే.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలుచుకున్న సంగతికి వస్తాను. పాఠాల్లో ఇప్పటికీ ఇలా ఉంటుంది: గాలి రాయిని పైకి తోస్తుంది, రాయి కిందికి పడుతుంది, మళ్ళీ పైకి పోతుంది, అలా ఎన్నిసార్లు తిరిగితే అన్ని వలయాలు. మా ఊరి బళ్ళోనూ అదే చెప్పారు. వలయాలు లెక్కపెడితే ప్రయాణాలు లెక్కపెట్టినట్టేనని. కానీ పొరల్లోని నీళ్ళు ఆ మాట ఒప్పుకోవు.

మసక వలయం, అద్దం వలయం ఎందుకు వస్తాయో చూడండి. చుక్కలు తక్కువగా, చలి ఎక్కువగా ఉంటే తగిలిన చుక్క తగిలినట్టే గడ్డకట్టి, మధ్యలో గాలి ఇరుక్కుంటుంది. అదే మసక. నీళ్ళు బాగా దొరికే చోటికి రాయి వస్తే, గడ్డకట్టేటప్పుడు బయటపడే వేడికి రాయి ఒళ్ళే సున్నా డిగ్రీల దగ్గరికి వస్తుంది. నీళ్ళు కాసేపు తడిగా ఉండి నిదానంగా గడ్డకడతాయి, గాలి తప్పించుకుంటుంది. అదే అద్దం. అంటే వలయం మారడానికి రాయి పైకీ కిందికీ పోనవసరం లేదు. అదే ఎత్తున పక్కకు జరిగి, నీళ్ళు ఎక్కువున్న చోటికి వచ్చినా చాలు. కంటికి ఈ రెండూ ఒకటే. నీళ్ళ బరువుకు కాదు. ఎత్తు మారితే పొర గుర్తు మారాలి, పక్కకు జరిగితే మారకూడదు. మా తోటలో ఏరిన రాళ్ళలో అద్దమూ మసకా పక్కపక్కనే ఉన్నా డ్యుటీరియం దాదాపు ఒకటే వచ్చిన వలయాలు చూశాను. మొదటిసారి చూసినప్పుడు ఆ రెండు సీసాలనూ మళ్ళీ యంత్రంలో పెట్టాను. అదే అంకె. ఆ రాయి ఆ రెండు వలయాలనూ ఇంచుమించు ఒకే ఎత్తున కట్టుకుందన్నమాట. ఒకే ఎత్తున ఎలా ఉండగలదంటే, పైకి లేచే గాలి వేగమూ రాయి పడే వేగమూ సరిపోయినంతసేపు అది అక్కడే తేలుతూ పక్కకు కొట్టుకుపోతుంది. వడగల్లు పెరగడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

నా నాలుగు రాళ్ళతో సిద్ధాంతం చెప్పలేను. అయితే 2025లో బీజింగ్‌లోని పెకింగ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చైనాలో తొమ్మిది వడగళ్ళ మబ్బుల నుంచి ఏరిన 27 రాళ్ళను ఇలాగే పొరలుగా విప్పి ప్రచురించారు. మళ్ళీ మళ్ళీ పైకీ కిందికీ తిరిగిన ఆనవాళ్ళు వాటిలో చాలా అరుదు. నిదానంగా దిగుతూ పెరిగినవి, ఒకే ఎత్తున ఉండి పెరిగినవి, ఒక్కసారి పైకి వెళ్ళి వచ్చినవే ఎక్కువ. చైనా వాళ్ళ పని చదివిన రోజు బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. "అయితే మన రాయి చెప్పింది అబద్ధం కాదన్నమాట" అన్నాడు.

ఈ లెక్కలో అనుమానాలు లేవని కాదు. గుర్తును ఎత్తుగా మార్చాలంటే మబ్బు అడుగు ఎక్కడుంది, అక్కడ ఎంత వెచ్చగా ఉంది, ఆవిరి మొదటి పాళ్ళు ఏమిటి అన్నవి తెలియాలి. వాటికి మచిలీపట్నం బెలూను మీద ఆధారపడాలి. అది ఎగిరేది మా మబ్బు లేచిన చోట కాదు, మా మబ్బు లేచిన వేళకూ కాదు. లేచే గాలిలోకి పక్క నుంచి పొడి గాలి చొరబడితే పాళ్ళు మారతాయి. అడుగు నుంచి పెద్ద చినుకులు ఎగిరి పైకి వస్తే అవి కింది ఎత్తు గుర్తునే మోసుకొస్తాయి. తడి పొర నిదానంగా గడ్డకట్టేటప్పుడు కొంత నీరు జారిపోతే అక్కడా పాళ్ళు కాస్త తేడా పడతాయి. అందుకే డ్యుటీరియంతో పాటు ఆక్సిజన్ 18 కూడా కొలుస్తాం, స్ఫటికాలూ చూస్తాం. రెండు మూడు సాక్ష్యాలు ఒకే మాట చెప్పినప్పుడే రాసుకుంటాం.

ఊళ్ళోకి వెళ్తే తోటల వాళ్ళు అడిగేది వేరు. "ఎక్కడ పుడుతుందో తెలిసింది కదమ్మా, పుట్టకుండా ఆపలేరా?" అంటారు. తోటను గుత్తకు తీసుకుని పూతకు ముందే డబ్బు కట్టిన వాళ్ళు ఈ మాట అడిగితే తేలిగ్గా జవాబు చెప్పలేం. రాయి తగిలిన పిందె తొక్క చిట్లి సొన కారుతుంది, అది ఆరి నల్ల మచ్చ అవుతుంది, పిందెతో పాటు మచ్చా పెరుగుతుంది. బంగినపల్లికి ధర వచ్చేది నున్నటి తొక్కను చూసే. నున్న ఊళ్ళోని మామిడి మార్కెట్‌కు వెళ్ళాక మచ్చ కాయను పక్కన పోస్తారు. పచ్చడికి, తాండ్రకు, జ్యూసుకు పోయేదానితో గుత్త డబ్బు తిరిగి రాదు.

ఆపడానికి ప్రయత్నాలు జరగలేదని కాదు. ఆకాశంలోకి చప్పుడు చేసే ఫిరంగులు ఇప్పటికీ కొన్ని దేశాల్లో అమ్ముతున్నారు. వాటితో రాళ్ళు ఆగుతాయనడానికి శాస్త్రీయమైన రుజువు లేదు. సోవియట్ యూనియన్‌లో మబ్బులోకి రాకెట్లు పేల్చి సిల్వర్ అయోడైడ్ చల్లేవాళ్ళు. లేచే గాలిలో ఒక ఎత్తున పెద్ద చినుకులు పోగుపడతాయి, రాయి అక్కడే పెరుగుతుంది, అక్కడ మందు చల్లితే నీళ్ళు ముందే చిన్న చిన్న రాళ్ళుగా చీలిపోతాయి అన్నది వాళ్ళ లెక్క. అమెరికా వాళ్ళు అది నిజమో కాదో చూద్దామని 1972 నుంచి 1974 దాకా కొలరాడోలో మందు చల్లి చూశారు. రాళ్ళు తగ్గాయని తేలలేదు. అక్కడి మబ్బుల్లో ఆ చినుకుల పోగే కనపడలేదు. రాయి పెరిగే చోటు తెలియకుండా మందు ఎక్కడ చల్లాలో ఎలా తెలుస్తుంది? అందుకే ఆపడం గురించి అడిగిన వాళ్ళకు నేను ఆశ పెట్టను. హిమాచల్‌లో ఆపిల్ తోటల మీద వలలు కడతారు, అవి పనిచేస్తాయి. మా పాత తోటల్లో చెట్లు అంతెత్తు, అంత విస్తారం. వాటి మీద వల కట్టేది ఎలా?

చేయగలిగింది హెచ్చరిక. ఇప్పుడు వాతావరణ శాఖ రాబోయే మూడు గంటలకు ఎప్పటికప్పుడు హెచ్చరికలు ఇస్తోంది. ఉరుములు, ఈదురుగాలి వరకు బాగానే పట్టుకుంటుంది. రాయి పడుతుందా, పడితే ఎంత సైజు అన్న దగ్గరే తడబాటు. కంప్యూటర్ నమూనాల్లో రాయి ఏ ఎత్తున ఎంతసేపు ఉంటుందో ముందుగా అనుకుని లెక్క వేస్తారు. పైకీ కిందికీ తిరిగేదనుకుంటే ఒక సైజు వస్తుంది, ఒకే ఎత్తున తేలుతుందనుకుంటే ఇంకో సైజు వస్తుంది. ఇందులో ఏది మన మబ్బుకు సరిపోతుందో చెప్పాలంటే మన నేల మీద పడ్డ రాయినే విప్పాలి. మే నెలలో కోత నడుస్తున్నప్పుడు మూడు గంటల ముందు గట్టిగా చెప్పగలిగితే కోసిన కాయను షెడ్డులోకి చేర్చుకోవచ్చు, చెట్ల కింద కూలీలను ఇళ్ళకు పంపేయొచ్చు. చెట్టు మీది కాయకు అది ఏమీ చేయలేదు. ఈ మాట కూడా దాచకుండా చెబుతాను.

వచ్చే వేసవికి రెండు ఏర్పాట్లు అడిగాను. ఒకటి, రాళ్ళు పడేటప్పుడు వసారా చూరు అంచున గరాటు పెట్టి పది నిమిషాలకొకసారి సీసా మార్చి వాన నీళ్ళు పట్టడం. సీసా నిండా పట్టి గాలి లేకుండా మూత పెట్టాలి, మూత మీద టైము రాయాలి. కరిగి పోయిన పైపొర నీళ్ళు ఆ వానలోనే ఉంటాయి కాబట్టి, రాయిలో దొరకని చివరి దశను అందులో వెతకొచ్చు. రెండోది, రెడ్డిగూడెం వైపు ఒక తోట, చాట్రాయి వైపు ఒక తోట. మబ్బు పడమర నుంచి తూర్పుకు పోతుంటే ఒకే మబ్బు రాళ్ళు రెండు చోట్ల దొరికే వీలుంది. చాట్రాయి వైపు తోట ఆయన ఒప్పుకున్నారు గానీ ఆయనకు ఫ్రిజ్ లేదు. థర్మోకోల్ పెట్టె, కల్లుప్పు, సంచులు మార్చి నెల మొదటి వారంలోపు ఆయనకు అందించాలి. సీసాల మీద టైము రాసే పని వాళ్ళ పదో తరగతి అమ్మాయి తీసుకుంటానంది. పరీక్షలు ఏప్రిల్లో అయిపోతాయట.